జపాన్ నుంచి ఇంటికి డబ్బు – 3వ పాఠం: అక్కడ ఎన్ని రూపాయలు పడతాయి?

గత పాఠం నాటికి మీ మై నంబర్ (జపాన్‌లో ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య), జైర్యూ కార్డు (విదేశీయుల నివాస కార్డు) బ్యాంకులో నమోదయ్యాయి. ఇంట్లోవాళ్ల ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, స్విఫ్ట్ కోడ్ రాసి పెట్టుకున్నారు. ఇక లెక్క నేర్చుకుందాం. ఈ వరుసలో అన్నిటికన్నా అవసరమైన పాఠం ఇదే అని నా నమ్మకం. నెలనెలా పంపేవాళ్లకు ఇక్కడ మిగిలే డబ్బు చిన్నది కాదు.

బ్యాంకుకు వెళ్లగానే అందరం "ఛార్జీ ఎంత?" అని అడుగుతాం. చెప్తారు, కడతాం. కానీ మన డబ్బులో కోత అక్కడితో ఆగదు. యెన్‌లను డాలర్లుగా మార్చేటప్పుడు బ్యాంకు టీటీఎస్ అనే రేటు, అంటే తాను మనకు డాలర్లు అమ్మే రేటు, వేస్తుంది. అది మార్కెట్ మధ్య రేటు కన్నా ఎక్కువ. డాలరుకు ఒక యెన్ తేడా చాలాచోట్ల కనిపిస్తుంది. దారిలో మధ్యవర్తి బ్యాంకు తన వాటా కోసుకుంటుంది. చివరికి మన ఊళ్లో బ్యాంకు డాలర్లను రూపాయలు చేసేటప్పుడు తన రేటు వేస్తుంది. యెన్‌లుగానే పంపితే ఇదంతా తప్పుతుందనుకోకండి. దానికి లిఫ్టింగ్ ఛార్జీ అని చాలా బ్యాంకులు వేరే రుసుము తీసుకుంటాయి.

కాగితం మీద వేసి చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు, ఈ రోజు రేట్లు కావు. మీ దగ్గర 1,00,000 యెన్‌లున్నాయి. మధ్య రేటు ప్రకారం డాలరు 150 యెన్‌లు, 90 రూపాయలు. ఏ కోతా లేకపోతే ఇంటికి 60,000 రూపాయలు చేరాలి.

బ్యాంకు ఛార్జీ 3,500 పోతే 96,500 యెన్‌లు. టీటీఎస్ 151తో భాగిస్తే 639.07 డాలర్లు. మధ్యవర్తి 20 డాలర్లు తీసుకుంటే 619.07. మన బ్యాంకు డాలరుకు 89 చొప్పున ఇస్తే ఖాతాలో పడేది 55,097 రూపాయలు. తగ్గింది 4,903. అందులో కౌంటర్లో చెప్పిన ఛార్జీ విలువ 2,100 మాత్రమే. మిగతా 2,803 రూపాయల సంగతి అడిగితే తప్ప తెలియదు.

ఫారంలో ఖర్చు ఎవరు భరిస్తారనే గడి ఒకటి ఉంటుంది. ఎస్‌హెచ్‌ఏ అంటే చెరికొంత. ఓయూఆర్ అంటే మధ్యవర్తి ఖర్చు కూడా మీరే ముందుగా కడతారు. ఆసుపత్రి బిల్లు, కాలేజీ ఫీజు లాంటివి తక్కువ పడితే అమ్మానాన్నలకు టెన్షన్. అలాంటప్పుడు ఓయూఆర్ పెట్టండి. అయినా మన బ్యాంకు వేసే మారకం రేటు మాత్రం దీని పరిధిలోకి రాదు.

మరో దారి నగదు బదిలీ సంస్థలు. 2010 ఏప్రిల్‌లో చెల్లింపు సేవల చట్టం అమల్లోకి వచ్చాక బ్యాంకులు కాని సంస్థలకూ జపాన్‌లో ఈ పని చేసే వీలు కలిగింది. మొదట్లో ఒక్కసారికి 10 లక్షల యెన్‌లే పరిమితి. 2021 నుంచి ఆ పరిమితి లేని లైసెన్సు కూడా వచ్చింది. పైన చెప్పిన లక్షకే 1,500 రుసుము, యెన్‌కు 0.595 రూపాయి రేటు అనుకోండి: 98,500ను 0.595తో గుణిస్తే 58,607. నెలవారీ ఇంటి ఖర్చుకు నేనైతే ఈ దారినే సలహా ఇస్తాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. ముందు ఆ సంస్థ ఖాతాలోకి ఫురికోమి (బ్యాంకు ఖాతా నుంచి బదిలీ) చేయాలి. అప్పుడు మీ పేరు కటకానాలో, అంటే విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపిలో, వెళ్తుంది. మన 'వెంకట'ను ఒకచోట ヴェతో, ఇంకోచోట ベతో రాసి ఉండవచ్చు. ఇంటిపేరు ముందూ వెనకా అయి ఉండవచ్చు. బ్యాంకులోనూ ఆ సంస్థలోనూ పేరు ఒకేలా లేకపోతే సొమ్ము ఆగిపోవచ్చు. పాస్‌బుక్‌లో కటకానా ఎలా ఉందో అక్షరం అక్షరం పోల్చుకోండి. సభ్యత్వ నంబరు పేరుకు ముందు రాయమంటే అదీ మరవొద్దు.

అభ్యాసం: ఒకే రోజు, దాదాపు ఒకే సమయానికి, మీ బ్యాంకులోనూ రెండు సంస్థల్లోనూ 1,00,000 యెన్‌లకు లెక్క వేయండి. బ్యాంకు టీటీఎస్ పని దినాల్లో ఉదయం 10 గంటల ప్రాంతంలో ఖరారవుతుంది, ఆ తర్వాత చూడండి. ఇదే లెక్క 3,00,000కి కూడా వేస్తే, ఎంత పంపినా మారని రుసుములు పెద్ద మొత్తంలో ఎంత తేలికవుతాయో కనిపిస్తుంది.

వచ్చే పాఠంలో 'పంపే కారణం' గడి, 10 లక్షల యెన్‌లు దాటితే పన్నుల కార్యాలయానికి బ్యాంకు పంపే నివేదిక. అది పన్ను కాదు, సమాచారం మాత్రమే. దానికి భయపడి మొత్తాన్ని ముక్కలు చేసి పంపకండి.