పాత సర్వర్‌లో ఎన్‌వీఎంఈ పెట్టే ముందు

డెల్ ఆర్720 లాంటి 2012 నాటి సర్వర్లు ఇంకా చాలా చోట్ల నడుస్తున్నాయి, వాటికో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (మదర్‌బోర్డు మీది పీసీఐఈ కార్డు స్లాట్ ద్వారా పనిచేసే వేగమైన డ్రైవ్) తగిలిస్తే డేటాబేస్ పనిలో తేడా వెంటనే తెలుస్తుంది. కానీ మూత తీసే ముందే తేల్చుకోండి, సర్వర్ దేని నుంచి బూట్ అవుతుంది?

ఆ కాలం బయాస్‌లకు (సర్వర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) ఎన్‌వీఎంఈ నుంచి బూట్ చేయడం సాధారణంగా రాదు. లినక్స్ లేచాక డ్రైవ్ చక్కగా కనిపిస్తుంది, అది చూసి అంతా సిద్ధమనుకుని పాత డిస్కులు పీకేస్తే రీస్టార్ట్ తర్వాత బూట్ డివైస్ లేదని తెర మీద రాసి అక్కడే ఆగిపోతుంది. నేనలా ఒక శనివారం రాత్రంతా టెన్షన్‌తో కూర్చున్నాను. అందుకే నా మాట ఒకటే: ఆపరేటింగ్ సిస్టమ్‌ని పాత డిస్కుల మీదే ఉంచండి, ఎన్‌వీఎంఈని డేటాకు మాత్రమే వాడండి.

కొనేటప్పుడు తొందరపడొద్దు. ఎం.2 అనే సన్నని పట్టీ ఆకారంలో సాటా (పాత రకం కనెక్షన్) డ్రైవ్‌లు కూడా దొరుకుతాయి, అవి ఎన్‌వీఎంఈ అడాప్టర్‌లో, అంటే డ్రైవ్‌ను స్లాట్‌లో పెట్టే కార్డులో, పనిచేయవు. నాలుగు డ్రైవ్‌లు పట్టే కార్డు చౌకగా వస్తోందని తీసుకునే ముందు మీ బయాస్‌లో బైఫర్కేషన్ సెట్టింగ్ (ఒక స్లాట్‌ను కొన్ని డ్రైవ్‌లకు పంచేది) ఉందో లేదో చూడండి, లేకపోతే నాలుగింటిలో ఒక్కటే కనిపిస్తుంది. రెండో ప్రాసెసర్ సాకెట్ ఖాళీగా ఉంటే దానికి చెందిన పీసీఐఈ స్లాట్లు కూడా పనిచేయవు, మాన్యువల్‌లో ఏ స్లాట్ ఎవరిదో ఉంటుంది.

ఇక రెయిడ్ కార్డు, అంటే ఒక డిస్కు పోయినా డేటా పోకుండా చూసేది. పాత రెయిడ్ కార్డుకు ఈ డ్రైవ్ కనిపించదు, అంటే ఇన్నాళ్లూ అది ఇచ్చిన రక్షణ దీనికి ఉండదు. కాబట్టి రెండు డ్రైవ్‌లు తీసుకుని లినక్స్‌లో వాడే ఎండీఏడీఎంతోనో జడ్‌ఎఫ్‌ఎస్‌తోనో మిర్రర్ చేయండి, అంటే ఒకే డేటా రెండింటి మీదా ఉండేలా చేయండి. ఇళ్లలో వాడే రకం ఎస్‌ఎస్‌డీల్లో చాలావాటికి కరెంటు పోయినప్పుడు చేతిలో ఉన్న డేటాను రాసేసే కెపాసిటర్లు ఉండవు. డేటాబేస్‌కైతే అవి ఉన్న సర్వర్ రకమే కొనండి, పాతదైనా ఫర్వాలేదు, యూపీఎస్ బ్యాటరీ కూడా ఒకసారి చూసుకోండి.

బ్యాకప్ తీశామంటే చాలదు, దాన్ని వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి ఫైళ్లు తెరిచి చూడండి. డ్రైవ్ పెట్టే రోజున రెండు పవర్ సప్లైల వైర్లూ తీసేయండి, ఒకటి తీసి రెండోది మర్చిపోవడం చాలా తేలిక. వేరే కంపెనీ కార్డు పెడితే కొన్ని సర్వర్లలో ఫ్యాన్లు హోరెత్తుతాయి, అది చెడిపోయినట్టు కాదు.

పెట్టాక ఒక వారం ఉత్త టెస్ట్ డేటాతోనే నడపండి, రోజూ డ్రైవ్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో వేడి ఎంతుందో చూడండి. 70 డిగ్రీలు దాటుతుంటే చిన్న హీట్‌సింక్ పెట్టి, ఆ తర్వాతే అసలు డేటా ఎక్కించండి.