సంక్రాంతి సెలవుల్లో ఫోమ్ విమానం ఎగరేయబోయేవాళ్ళకి

పండక్కి ఇంటికొచ్చే కాలేజీ కుర్రాళ్ళ బ్యాగుల్లో ఇప్పుడు బట్టలతోపాటు ఒక బ్రష్‌లెస్ మోటారు, రెండు సెర్వోలు (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు), ఒక రిమోటు కూడా ఉంటున్నాయి. చాలా సంతోషం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వరి కోతలు అయిపోయి పొలాలు ఖాళీగా ఉండే రోజులివి, ఫోమ్ బోర్డు కోసి బల్లపరుపు రెక్క అతికించి ఎగరేయడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. కాకపోతే ఆ ఖాళీ పొలాల మధ్యే వరి కుప్పలు కూడా ఉంటాయి. నేనిది రాయడానికి ముఖ్యమైన కారణం ఆ కుప్పలే.

మన వైపు చాలామంది రైతులు కోసిన చేను కుప్ప వేసి, పండగ వెళ్ళాక నూర్చుకుంటారు. ఒక్క కుప్పలో ఆ ఇంటి ఏడాది గింజలు, తీర్చాల్సిన అప్పు, పశువుల గడ్డి అన్నీ ఉంటాయి. మీ విమానం ముక్కులో ఉండేదేమో లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. విమానం ముక్కుతో నేలని గుద్దినప్పుడు ఆ బ్యాటరీ నలిగితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతుంది, పొగ వస్తుంది, మంట లేస్తుంది. అది వెంటనే జరగాలనేమీ లేదు, కాసేపు మామూలుగానే ఉండి తర్వాత అంటుకున్నవీ ఉంటాయి. అందుకని కుప్పలూ గడ్డిమేట్లూ దగ్గరలో ఉన్నచోట అసలు ఎగరేయకండి. కొత్తవాళ్ళ చేతిలో విమానం గాలివాటుకి ఎటైనా పోతుంది కాబట్టి 200 మీటర్ల దూరమైనా ఎక్కువేమీ కాదు. పడిపోయిన ప్రతిసారీ ముందు బ్యాటరీ కనెక్టరు పీకి, బ్యాటరీని గడ్డి లేని ఉత్త మట్టి మీద పెట్టి అరగంట చూడండి, ఉబ్బినా, వేడెక్కినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా దాన్ని మళ్ళీ వాడొద్దు, సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళొద్దు. ఒక బకెట్ నీళ్ళు, ఒక బకెట్ ఇసుక పక్కన ఉండాల్సిందే. పొగ మొదలైతే పొడుగాటి కర్రతో గడ్డికి దూరంగా నెట్టి, ఆ పొగ పీల్చకుండా గాలి వచ్చే వైపు నిలబడండి. గడ్డి అంటుకుంటే ఆలస్యం చేయకుండా 101కి ఫోన్ చేయండి.

ఇక పొలం సంగతి. ఖాళీగా కనిపించిన మడి ఖాళీ కాకపోవచ్చు. వరి కోతకి ముందే మినుములో పెసలో చల్లేస్తారు, వరి మొదళ్ళ మధ్య రెండాకుల మొలకలు వంగి చూస్తేగానీ కనబడవు. మీరు ఒక్కరే తొక్కుతారనుకోకండి, విమానం ఎగిరిందంటే ఊళ్ళో గుంటలందరూ దాని వెనక పరిగెడతారు. "బాబాయ్, ఈ మడిలో ఏమైనా చల్లారా, కాసేపు విమానం ఎగరేసుకోవచ్చా?" అని ముందే అడిగితే ఎవరూ కాదనరు, ఏ గట్టు దాటకూడదో కూడా ఆయనే చెప్తాడు. పంట వేయని గరువు భూములు, ఎండిపోయిన చెరువు గర్భం, సెలవుల్లో బడి మైదానం ఈ మడులకన్నా మేలు.

పంపుసెట్లకి వెళ్ళే కరెంటు తీగలు ఎటు ఉన్నాయో ఎగరేసే ముందే ఒకసారి చుట్టూ తిరిగి చూడాలి, దూరం నుంచి తీగ కనపడదు, స్తంభాలు చూసి లెక్కేసుకోవాలి. విమానం తీగలకి చిక్కుకుంటే దాన్ని అక్కడే వదిలేయండి. వెదురు గడతో లాగడం, స్తంభం ఎక్కడం, రాయికి తాడు కట్టి విసరడం, ఇవేవీ వద్దు. 1912కి ఫోన్ చేయండి లేదా లైన్‌మేన్‌కి చెప్పండి, ఆయన సప్లయి ఆపి తీస్తాడు. ఒక పూట ఆలస్యమైతే అయింది.

కళింగపట్నం బీచ్ లాంటిచోట్ల ఎగరేయాలని చాలామందికి సరదా. నేర్చుకునే దశలో నా సలహా వద్దనే. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి పెరుగుతుంది, సన్న ఇసుక మోటారు బేరింగుల్లో దూరుతుంది, ఉప్పు తేమ కనెక్టర్లని తినేస్తుంది, పక్కనే సరుగుడు తోటలు. టెక్కలి వైపు ఉన్నవాళ్ళు తేలినీలాపురం జోలికి అసలు వెళ్ళకండి. ఈ నెలల్లో అక్కడి చెట్ల మీద పెలికాన్లూ కొంగలూ గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటూ ఉంటాయి. భోగాపురం, డెంకాడ, పూసపాటిరేగ చుట్టుపక్కల వాళ్ళు విమానాశ్రయం ఉందని గుర్తుపెట్టుకుని ముందుగా డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో జోన్లుగా చూపించే ప్రభుత్వ మ్యాప్) తెరిచి చూడాలి. 2021 డ్రోన్ రూల్స్ నాలుగు ఫ్యాన్ల డ్రోన్లకే అనుకుంటారుగానీ పైలట్ లేకుండా ఎగిరే రెక్కల విమానాలు కూడా వాటి కిందకే వస్తాయి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకూ, విమానాశ్రయం హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకే. ఎల్లో జోన్‌కి అనుమతి కావాలి, రెడ్ జోన్ గురించి ఆలోచించనే వద్దు. పండగ తర్వాత ఊరూరా తీర్థాలు జరుగుతాయి కదా, ఆ జనం మీద నుంచి ఎగరేసి చూపించమని ఎవరు బతిమాలినా ఒప్పుకోకండి.

చెయ్యి తెగేది ఎక్కువగా ఇంట్లోనే, టెస్టింగ్ చేసేటప్పుడే. 8 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 8,000 సార్లు తిరిగితే దాని కొన గంటకి సుమారు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కాబట్టి సెర్వోలు సరిచూసేటప్పుడు, రిమోట్ సెట్టింగులు మార్చేటప్పుడు ప్రొపెల్లర్ ఊడదీసి పక్కన పెట్టండి. రిమోట్ ముందు ఆన్ చేసి, థ్రాటిల్ (మోటారు వేగాన్ని పెంచే, తగ్గించే స్టిక్) పూర్తిగా కిందకి ఉందని చూశాకే బ్యాటరీ తగిలించాలి, తీసేటప్పుడు బ్యాటరీ తీశాకే రిమోట్ ఆపాలి. ఫెయిల్‌సేఫ్ తప్పకుండా పెట్టుకోండి: ప్రొపెల్లర్ లేకుండా మోటారు తిప్పుతూ రిమోట్ ఆపేస్తే మోటారు దానంతట అదే ఆగిపోవాలి, ఆగకపోతే ఆ విమానం ఇల్లు దాటకూడదు. జనవరి పొద్దున చలికి శాలువా కప్పుకుని, మఫ్లర్ చుట్టుకుని వస్తారు, చున్నీలు ఉంటాయి. విమానం పట్టుకునే మనిషి ఒంటి మీద వేలాడే గుడ్డ ఒక్కటి కూడా ఉండకూడదు. పిల్లల్ని మీ వెనకే నిలబెట్టండి, ఎవరూ ప్రొపెల్లర్‌కి ఎదురుగా గానీ పక్కగా గానీ ఉండొద్దు. తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి ఆసుపత్రికి వెళ్ళండి, పసుపు అద్ది ఊరుకోకండి.

బల్లపరుపు రెక్క చేయడం సులువు, కానీ దానికి వేగం తగ్గితే ఓపిక ఉండదు. వంపు ఉన్న రెక్క కాస్త నెమ్మదించినా మోస్తుంది, ఇది ముక్కు ఎక్కువగా లేచిన వెంటనే గాలి రెక్క పైనుంచి విడిపోయి ఒక పక్కకి కూలిపోతుంది. స్టాల్ అంటే ఇదే. కొత్తవాళ్ళు చేసేదేమో విమానం దిగుతోందని కంగారుపడి ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక పలక) ఇంకా లాగడం. అప్పుడు చేయాల్సింది స్టిక్ వదిలి, ముక్కు కాస్త దించి, థ్రాటిల్ ఇవ్వడం. ఇది చేతికి అలవాటు కావాలంటే కంప్యూటర్లో సిమ్యులేటర్ మీద కొన్ని సాయంత్రాలు గడపండి, అక్కడ ఎన్నిసార్లు కూలినా ఖర్చు లేదు.

బరువు ఎక్కడ నిలుస్తుందో అన్నిటికన్నా ముఖ్యం. తిన్నటి రెక్క 8 అంగుళాల వెడల్పు ఉంటే ముందు అంచు నుంచి 2 నుంచి 2.4 అంగుళాల దగ్గర రెండు వేళ్ళతో కింద నుంచి ఎత్తి చూడండి, బ్యాటరీతో సహా. విమానం సమంగా గానీ కొంచెం ముక్కు కిందకి గానీ నిలవాలి. తోక కిందకి వాలితే ఎగరేయొద్దు, బ్యాటరీ ముందుకి జరపండి. డెల్టా ఆకారానికి ఈ లెక్క పనికిరాదు, దాని డ్రాయింగులో ఉన్న చోటే పట్టుకోండి. ఎయిలరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) తిరగబడి ఉన్నాయేమో ప్రతిసారీ చూడాలి: స్టిక్ కుడికి తోస్తే కుడివైపుది పైకి, ఎడమవైపుది కిందకి. ఫెవిక్విక్ థర్మాకోల్‌నీ ఫోమ్‌నీ కరిగించేస్తుంది, గ్లూ గన్ వాడండి, పొట్ట కింద వెడల్పాటి టేపు అంటించండి, వరి మొదళ్ళు ఫోమ్‌ని చీల్చేస్తాయి.

మంచు విడిచాక, గాలి లేవకముందు, అంటే ఏడున్నర నుంచి తొమ్మిది లోపు మంచి సమయం. మంచులో విమానం కళ్ళ ముందే మాయమవుతుంది, పేపరు ఉన్న ఫోమ్ బోర్డు తడికి ఉబ్బుతుంది. చిటికెడు ఎండుగడ్డి పైకి విసిరి గాలి ఎటుందో చూసి, సరిగ్గా దానికి ఎదురుగా రెక్కలు సమంగా ఉంచి విసరాలి. విసిరేది ఇంకొకరైతే మంచిది, మీ రెండు చేతులూ రిమోట్ మీద ఉంటాయి. ప్రొపెల్లర్ వెనక ఉండే రకమైతే చెయ్యి వదిలాకే థ్రాటిల్. రెండు తాటిచెట్ల ఎత్తు వెళ్ళేదాకా తిప్పొద్దు. విమానాన్ని ఎప్పుడూ గాలి వచ్చే వైపునే ఉంచండి, చెయ్యి తప్పినా గాలి మీ వైపే తోస్తుంది. అది మీ మీదకి వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, అప్పుడు ఏ రెక్క కిందకి వాలిందో అటువైపే స్టిక్ తోస్తే సమం అవుతుంది. గాలిపటాలు ఎగురుతుంటే ఆ పూటకి మానేయండి. గద్ద చుట్టూ తిరగడం మొదలెడితే దించేయండి. విమానం పడిపోతోందని తెలిసిన క్షణంలోనే థ్రాటిల్ కిందకి లాగేయాలి, లేకపోతే ఇరుక్కున్న మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ రెండూ కాలిపోతాయి.

మొదటి రోజుల్లో అయిదు నిమిషాలకి టైమర్ పెట్టుకుని దించేయండి. బ్యాటరీలో ఒక్కో సెల్‌కి 3.5 వోల్టుల దగ్గర ఆపాలి, 3 కన్నా దిగితే బ్యాటరీ పాడైనట్టే. 2,200 ఎంఏహెచ్ బ్యాటరీని 2.2 ఆంపియర్లతోనే, సెల్స్ అన్నీ సమంగా నిండేలా చూసే బ్యాలెన్స్ తీగ తగిలించి, మట్టి మూకుట్లో గానీ గచ్చు మీద గానీ పెట్టి చార్జ్ చేయండి, మంచం మీద కాదు, రాత్రి పడుకునేటప్పుడు కాదు. ఎండలో ఆపిన బండి డిక్కీలో వదలకండి. సెలవులు అయిపోయి కాలేజీకి వెళ్ళేముందు సెల్‌కి 3.8 వోల్టులకి తెచ్చి, ఒక రేకు డబ్బాలో మూత వదులుగా పెట్టి, వంటింటికీ గడ్డికీ దూరంగా ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్ళకి చూపించి వెళ్ళండి.