కాగితం లేని బోర్డుతో పని, 4వ పాఠం: అడ్రసు పట్టుకోవడం

గత పాఠంలో మల్టీమీటరుతో గ్రౌండ్ పిన్ను పట్టుకున్నాం. ఈసారి నాలుగు పిన్నుల చిన్న ఓఎల్ఈడీ డిస్‌ప్లే తీసుకుందాం. ఐ2సీ మీద, అంటే రెండు తీగల మీదే చాలా చిప్‌లు మాట్లాడుకునే పద్ధతిలో, పనిచేసే 128×64 చుక్కల రకం. ఆ తీగల మీద ఒక్కో చిప్‌ని పిలిచే అంకే దాని అడ్రసు. కవరు విప్పితే డిస్‌ప్లే తప్ప ఇంకేమీ ఉండదు, వాడే తీరు చెప్పే కాగితం కూడా. చాలావాటి మీద చిప్ పేరు కూడా కనబడదు.

వైరు తగిలించే ముందు పిన్నుల పక్కనున్న అక్షరాలు చదవండి. అమ్మకందారు పెట్టిన ఫొటోలో కాదు, మీ చేతిలో ఉన్న బోర్డు మీదే. కొన్నింటిలో వరస జీఎన్‌డీ (గ్రౌండ్), వీసీసీ (కరెంటు అందుకునేది), ఎస్‌సీఎల్ (క్లాక్ తీగ), ఎస్‌డీఏ (డేటా తీగ). కొన్నింటిలో మొదటి రెండూ తారుమారు. మిగతాదంతా అచ్చు ఒకేలా ఉంటుంది. పాతది బాగుందని అదే బొమ్మ చూసి ఇంకోటి తెప్పించుకుని, పాత వైర్లే తగిలించాను. వేలు పెట్టలేనంత వేడెక్కి చచ్చిపోయింది. వరస మార్చామని ఒక్క ముక్క రాసి ఉంటే అది బతికేది. ఆ కోపంతోనే ఈ పాఠాలు మొదలుపెట్టాను.

రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డయితే వీసీసీని 1వ పిన్నుకు, ఎస్‌డీఏని 3కి, ఎస్‌సీఎల్‌ని 5కి, గ్రౌండ్‌ని 6కి కలపండి. 1వ పిన్నులో వచ్చేది 3.3 వోల్టులు. పక్కనే ఉన్న 2వ పిన్నులో 5 వోల్టులుంటాయి, దాని జోలికి పోవద్దు. డిస్‌ప్లే మాడ్యూల్ మీది పుల్-అప్ రెసిస్టర్లు (తీగను ఎక్కువ వోల్టేజీ వైపు లాగి ఉంచేవి) వీసీసీకే కలిసి ఉంటే ఆ 5 వోల్టులు ఎస్‌డీఏ తీగ మీదుగా రాస్‌బెర్రీ పై లోకి వచ్చేస్తాయి. దాని పిన్నులు 3.3 వోల్టులకే తయారైనవి.

సెట్టింగులు మార్చే రాస్పీ-కాన్ఫిగ్‌ (raspi-config) ప్రోగ్రాంలో ఐ2సీ ఆన్ చేసి, ఐ2సీ-టూల్స్ (i2c-tools) ప్యాకేజీ వేసుకుని, టెర్మినల్లో ‘ఐ2సీడిటెక్ట్ -వై 1’ (i2cdetect -y 1) కొట్టండి. పట్టికలో ఏదో ఒక గడిలో అంకె కనబడాలి. అన్నీ గీతలే ఉంటే ముందు ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ అటూ ఇటూ అయ్యాయేమో చూడండి.

అసలు చిక్కు ఇక్కడే. బోర్డు వెనక్కి తిప్పితే అడ్రసు ఎంచుకునే చోట 0ఎక్స్78, 0ఎక్స్7ఏ అని ఉంటాయి. 0ఎక్స్ అంటే పదహార్ల లెక్కలో రాసిన అంకె, అందులో 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా వస్తాయి. పట్టికలోవీ ఆ లెక్కలోవే. చిన్న రెసిస్టరు 78 వైపు అతికించి ఉంటుంది. పట్టికలో మాత్రం 3సీ వచ్చింది! పైగా ఆ పట్టిక 77తోనే ఆగిపోతుంది, 78 అన్న గడిని అసలు వెతకదు. బోర్డు పాడైందనుకుని రెసిస్టరు పీకకండి. రెండూ ఒకటే అడ్రసు.

ఐ2సీలో మామూలు అడ్రసుకు ఏడు బిట్లే. తీగ మీద వాటి వెనకాలే ఎనిమిదో బిట్ వస్తుంది, చదవాలా రాయాలా అని చెప్పడానికి. బోర్డు చేసినవాళ్లు ఆ బిట్‌ని కూడా కలిపి అచ్చేశారు. 0ఎక్స్78 అంటే 0111 1000. చివరి సున్నా తీసేస్తే 011 1100, అదే 0ఎక్స్3సీ. మన పదుల లెక్కలో అయితే 120లో సగం 60. అలాగే 7ఏ సగమైతే 3డీ. ఇక ముందు 77 దాటిన అడ్రసు ఏ బోర్డు మీద కనబడినా ముందు సగం చేసి చూడండి.

అడ్రసు దొరికింది గానీ చిప్ ఏదో తేలలేదు. ఎస్‌ఎస్‌డీ1306, ఎస్‌హెచ్1106 రెండూ 3సీ దగ్గరే పలుకుతాయి. ముందు 1306 డ్రైవరుతో (చిప్‌ని నడిపే ప్రోగ్రాంతో) ఒక చతురస్రం గీయించండి. శుభ్రంగా వస్తే సరే. బొమ్మ రెండు చుక్కలు పక్కకు జరిగి, అంచున సన్నటి పట్టీలో పిచ్చి చుక్కలు కనబడితే అది 1106. దాని మెమరీలో నిలువు వరసలు 132, తెర మీద కనబడేవి 128. కొన్ని డ్రైవర్లతో బొమ్మ మొత్తం చెదిరిపోతుంది కూడా, ఎందుకంటే 1306కున్న అడ్డ అడ్రసింగ్ పద్ధతి (ఒక వరస నిండగానే తనంతట తానే తర్వాతి వరసకు వెళ్లడం) 1106కి లేదు. రెండు సందర్భాల్లోనూ డ్రైవరు మార్చితే చాలు.

పిన్నుల వరస, అడ్రసు, చిప్ పేరు ఒక చీటీ మీద రాసి మాడ్యూల్‌తోపాటే దాచండి. వచ్చే పాఠానికి 76 దగ్గర పలికే సెన్సరు ఒకటి సిద్ధం చేసుకోండి. అది తేమ కొలిచే బీఎంఈ280యో, తేమ తెలియని బీఎంపీ280యో దాని 0ఎక్స్‌డీ0 రిజిస్టరునే (చిప్ తన గుర్తింపు అంకె దాచుకునే చోటు) అడుగుదాం.