ఎఫ్‌సీకి ముందు రోజు రాత్రి హెడ్‌లైట్లు చూసుకోండి

బెంగళూరు మారతహళ్లిలో ఎల్లో బోర్డు కారు నడుపుతాను. 8 ఏళ్లు దాటిన ట్యాక్సీకి ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పదు. పోయినసారి నన్ను వెనక్కి పంపింది బ్రేకులు కాదు, ఎడమ హెడ్‌లైటు. లెన్సు పచ్చబడి వెలుతురు మసకగా ఉందన్నారు.

మొదట అన్ని టైర్లలో గాలి చూసి, డిక్కీ ఖాళీ చేయండి. వెనక బరువుంటే ముందు లైటు పైకి లేస్తుంది. చదునైన చోట గోడకు 8 మీటర్ల దూరంలో బండి ఆపండి. కేంద్ర మోటారు వాహనాల 106వ నిబంధన చెప్పేదీ ఆ దూరమే: 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి డిమ్ లైటు కొట్టకూడదు. గోడ మీద హెడ్‌లైటు ఎత్తుకు చాక్‌పీసుతో గీత గీయండి. డిమ్ వెలుగు పైఅంచు దానికి కాస్త కిందే పడాలి. ఎడమ పక్క అంచు కొంచెం పైకి లేస్తే కంగారు పడకండి, రోడ్డు పక్కన నడిచేవాళ్లు కనబడాలనే అలా చేస్తారు. మరీ పైకి పోతే హెడ్‌లైటు వెనక స్క్రూ తిప్పాలి. నేనైతే పావుగంట కుస్తీ పట్టి, చివరికి మెకానిక్‌కే అప్పగించాను.

పచ్చబడిన లెన్సుని 1000, తర్వాత 2000 నంబరు ఎమరీ పేపరుతో తడిపి రుద్ది, పాలిష్ పెట్టండి.

హెచ్4 బల్బయితే (బ్రైట్, డిమ్ రెండూ ఒకే బల్బులో ఉండే రకం) 60/55 వాట్లదే ఉంచండి. బండి విడిభాగాలు అమ్మే జేసీ రోడ్డులో 100/90 చూస్తే మనసు లాగుతుంది. వద్దు, ఆ వేడికి హోల్డరు కరుగుతుంది.