మూడు నెలల పద్దు – మూడో పాఠం: పాత బాకీ

ఏడాదిని మూడేసి నెలల విడతలుగా విడగొట్టి, విడతకి మూడు లక్ష్యాలు రాసుకోవడం ఈ పాఠాల సంగతి. జులై–సెప్టెంబర్ విడతకి కొత్త లక్ష్యాలు రాయడం ఇవాళ నేర్పాలి. మీరు పంపిన పేజీల ఫొటోలు చూశాక దాన్ని వచ్చే పాఠానికి నెట్టేశాను. తప్పు కొంత నాదే. పోయినసారి ‘జూన్ ఆఖర్న కూర్చుని లెక్క చూసుకోండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశాను. గుంటూరు మిర్చి యార్డులో, కమిషన్ కొట్లో ముప్పయ్యేళ్లు పద్దులు రాసినవాణ్ని. లెక్క చూడటం కూడా ఒకరికి చెప్పాల్సిన సంగతని తోచలేదు.

మీలో సగం మందికి పైగా చేసిన పని ఒకటే. మిగిలిపోయినదాన్ని తెచ్చి కొత్తదానికి కలిపేశారు.

పట్టాభిపురం టీచరుగారి పేజీ చూడండి. (ఆవిడ సరేనన్నాకే రాస్తున్నాను.) ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎన్టీఆర్ స్టేడియంలో 60 రోజులు నడవాలనుకున్నారు. నడిచింది 22. తక్కువపడ్డ 38ని కొత్త 60కి కలిపి, జులై గడి పక్కన ఎర్ర సిరాతో 98 వేసి, కింద రెండు గీతలు కొట్టారు. జులై 31, ఆగస్టు 31, సెప్టెంబర్ 30. మొత్తం 92. ఆ పైన ఆరు రోజులు ఎక్కణ్నుంచి తెస్తారమ్మా?

డబ్బు బాకీ పడితే తర్వాత తీర్చొచ్చు. మేలో నడవని నడక బాకీ కాదు, అది పోయింది. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) దాచినట్టు రోజుల్ని దాచలేం. నడక, చదువు, వీణ సాధన, ఊళ్లో అమ్మని చూసి రావడం... ఇవన్నీ ఆ జాతే. 22 అని రాసి గీత కొట్టి ఖాతా మూసేయండి. నేనూ ఒకప్పుడు యార్డుకొచ్చే ఉత్తరాది సేట్లతో మాట్లాడదామని హిందీ పెట్టుకున్నాను. విడతకి 12 పాఠాలు. బాకీ కలుపుకుంటూ పోతే అది 21 అయింది, తర్వాత 30 అయింది, ఆపైన పుస్తకం బీరువా మీదికెక్కింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఖాతా మూశాక అడగాల్సింది, ఆ 22 ఏ వారాల్లో పడ్డాయని. టీచరుగారు వారానికొకటి చొప్పున 13 గడులు గీశారు కాబట్టి కనిపించింది. ఏప్రిల్ మొదటి మూడు వారాల్లో 16. తర్వాత వరసగా సున్నాలు. జూన్ చివరి రెండు వారాల్లో 6. ఎండలే కారణమని ఇద్దరం అనుకున్నాం. కానీ ఆవిడ నడిచేది తెల్లారగట్ల అయిదున్నరకి. అసలు సంగతి ఏమిటంటే, వేసవి సెలవులివ్వగానే నడక ఆగింది, బడి తెరవగానే మొదలైంది. ఆవిణ్ని లేపుతున్నది బడే! ఇక ఆవిడ కాచుకోవాల్సింది దసరా సెలవుల్ని, సంక్రాంతి సెలవుల్ని. ఏడాదికోసారి చూసుకుంటే ఇది దొరకదు, ఏప్రిల్లో ఏం చేశామో మార్చికి ఎవరికి గుర్తు? నెలకోసారైతే మేలో సున్నాలు తప్ప ఇంకేమీ కనపడవు.

డబ్బు సంగతి వేరు, దాన్ని కలుపుకోవచ్చు. విజయవాడ వన్‌టౌన్ బట్టల కొట్టు గుమాస్తా ఒకాయన నెలకి పది వేల చొప్పున 30,000 దాచాలనుకున్నారు. ఏప్రిల్లో 10,000, మేలో 8,000, జూన్‌లో పిల్లల ఫీజులూ పుస్తకాలూ. అంతే. తక్కువపడ్డ 12,000 ముందు నెలల్లో దాచుకోవచ్చు. అయితే జూన్‌కీ మిగతా నెలలకీ ఒకే అంకె వేయడమే పొరపాటు. ముందస్తు ఆదాయపు పన్ను చూడండి. ముందే కోసుకున్నది పోను కట్టాల్సిన ఏడాది పన్ను 10,000 గానీ ఆపైన గానీ ఉంటే నాలుగు వాయిదాలు. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి అంతకుముందు కట్టింది కలుపుకుని 45, అలాగే డిసెంబర్ 15కి 75, మార్చి 15కి మొత్తం. మొదటి వాయిదాకి పాతిక శాతం అడగలేదు. ప్రతి వాయిదాకీ ఆదాయం అంచనా మళ్లీ వేసుకోనిస్తారు కూడా. సర్కారు చూపించే ఆ మాత్రం జాలి మన మీద మనకి ఉండొద్దా?

ఫోన్ యాప్ వాడొచ్చా అని అడిగారు. వాడుకోండి. నాకు పెన్సిలే నచ్చుతుంది. యాప్ మోగినకొద్దీ వినడం మానేస్తాం. జనవరి నుంచి మొదలెట్టొచ్చా అని ఇంకొకరు. సంక్రాంతి అరిసెల మధ్య బరువు తగ్గుతామని రాసుకునేవాళ్లకి నా దగ్గర పాఠం లేదు. నా ఏడాది ఏప్రిల్ 1నే మొదలు.

అభ్యాసం: మీ మూడు లక్ష్యాలకీ ఒక్కోదానికి 13 గడులు, మొత్తం 39 నింపండి. గుర్తులేని వారానికి పాస్‌బుక్, ఫోన్లో ఫొటోలు, పెళ్లి కార్డులు తిరగేయండి. అప్పటికీ తేలకపోతే చుక్క పెట్టండి. పని ఎక్కడ తెగిందో ఆ వారాన్ని చుట్టి, కారణం ఒక్క వాక్యంలో రాయండి. ‘టైం లేదు’ ఒప్పుకోను. మీరు రాసింది చూపించకుండా ఇంట్లో ఒకరిచేత కూడా కారణం రాయించండి. రెండూ కలవకపోతే దిద్దకుండా అలాగే పంపండి. కొత్త అంకె మాత్రం ఇంకా వేయొద్దు.