అభ్యర్థి అఫిడవిట్ చదవడం ఎలా? మూడో పాఠం: స్థిరాస్తులు

గత పాఠంలో కేసుల భాగం చూశాం. ఈ వారం ఆస్తులు. శాసనసభకు పోటీచేసే ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఫారం 26లో ఇచ్చే ప్రమాణపత్రమే అఫిడవిట్. అది ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరికైనా దొరుకుతుంది. 2002లో సుప్రీంకోర్టు తీర్పుతో ఓటరుకు దక్కిన హక్కు ఇది. వాడుకోకుండా వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

చివర ఉండే సంక్షిప్త పట్టికతో సరిపెట్టుకోకండి. 'ఐదేళ్లలో ఆస్తి మూడింతలు' అనే వార్తలు మొత్తం అంకె చూసి రాసేవే. ఆ మూడింతలు ఎలా అయ్యాయో చెప్పేది స్థిరాస్తుల పట్టిక. సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వమా కాదా, కొన్న తేదీ, కొన్న ధర, ప్రస్తుత మార్కెట్ విలువ అన్నీ అందులో ఉంటాయి.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక సర్వే నంబరులోని మూడెకరాలకు గత ఎన్నికల్లో 30 లక్షలు, ఇప్పుడు 90 లక్షలు చూపారు. భూమి అదే, పెరిగింది ధర. ఇందులో అభ్యర్థిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. దాని కింద కొత్త సర్వే నంబరు ఒకటి ఉంది. కొన్న తేదీ గత ఎన్నికల తర్వాతిది, ధర 60 లక్షలు. ఇక్కడ ఆగండి. మొదటి పేజీల్లో ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల వివరాలు ఉంటాయి. వాటిలో చూపిన ఆదాయమంతా కూడితే 20 లక్షలే అయితే, అప్పుల పట్టిక చూడండి. అక్కడా ఏమీ లేకపోతే పాత ఆస్తి ఏదైనా అమ్మారా? గత అఫిడవిట్‌తో పోల్చండి. అదీ కాకపోతే, ప్రచారానికి వచ్చినప్పుడు అభ్యర్థినే మర్యాదగా అడగండి. జవాబు వినకముందే దొంగ అనకండి.

గత పత్రంలోని సర్వే నంబరు ఈసారి కనిపించకపోవడం కూడా గమనించాల్సిందే. పట్టికలో అభ్యర్థి, జీవిత భాగస్వామి, హిందూ అవిభక్త కుటుంబం, ఆధారపడినవారు మాత్రమే ఉంటారు. సొంత సంపాదన ఉన్న కొడుకు పేరిట భూమి మారితే ఇందులో కనిపించదు.

సమాచారం దాచినా, తప్పుగా ఇచ్చినా ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, జరిమానా లేదా రెండూ పడవచ్చు.

అభ్యాసం: మీ నియోజకవర్గంలో మళ్లీ పోటీచేస్తున్న ఒకరి పాత, కొత్త అఫిడవిట్‌లు తీసుకుని సర్వే నంబర్లను పక్కపక్కనే రాయండి. కొత్తవాటిని ఎర్ర సిరాతో, మాయమైనవాటిని నీలం సిరాతో గుర్తించండి. వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే అప్పుల భాగం మొదలుపెడదాం.