గీతలు పడ్డ సీడీ, డీవీడీ: మెషీన్‌లో పెట్టేముందు, పెట్టాక

రిపేర్ మెషీన్ గీతను పూడ్చదు. గీత ఎంత లోతుందో అంత లోతుదాకా చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను అరగదీసి, నున్నగా పాలిష్ చేస్తుంది. అరిగిన ప్లాస్టిక్ మళ్లీ రాదు కాబట్టి తప్పు గీతదేనని తేల్చుకున్నాకే స్విచ్ వేయండి.

సమస్య: డ్రైవ్ డిస్క్‌ను అసలు పట్టుకోవడం లేదు
లేజర్ చదవడం మధ్య కన్నం వైపు నుంచే మొదలుపెడుతుంది. డిస్క్ వివరాలన్నీ అక్కడే ఉంటాయి. ఆ చోట వేలిముద్ర ఉన్నా, గీత ఉన్నా మొత్తం డిస్క్ పోయినట్టే కనిపిస్తుంది. వేరే డిస్కులు కూడా ఆడకపోతే డ్రైవ్ లెన్స్‌పై దుమ్మును అనుమానించండి. ఇదొక్కటే ఆడకపోతే కుళాయి నీళ్ల కింద పెట్టి, ఒక చుక్క గిన్నెల సబ్బుతో కడిగి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడవొద్దు. అడ్డగీతను లేజర్ క్షణంలో దాటేస్తుంది, గుండ్రటి గీత మాత్రం ట్రాక్ (డేటా రాసి ఉండే చుట్ల దారి) వెంబడే సాగుతుంది. చదవలేని డేటాను లెక్కగట్టి పూరించే సీడీలోని తప్పుల సవరణ ట్రాక్ పొడవునా దాదాపు 2.5 మి.మీ. లోపం వరకే భరిస్తుంది. థిన్నర్, అసిటోన్ తగిలితే ప్లాస్టిక్ పాలలా తెల్లబడుతుంది.

సమస్య: చివరి పాటలే ఎగిరిపోతున్నాయి
బయటి అంచు దెబ్బతింది. గోటిని గీతకు అడ్డంగా జరపండి. గోరు గీతలో ఇరుక్కోకపోతే పాలిష్ ఒక్కటే చాలు. ఇరుక్కుంటే గరుకు ప్యాడ్, సన్న ప్యాడ్, పాలిష్, ఇదే వరుసలో చేయాలి.

సమస్య: సినిమా మధ్యలో ఒక్క క్షణం ఆగి సాగుతోంది
రెండు పొరల డీవీడీల్లో లేజర్ పొర మారేచోట ఇది మామూలే. అరగదీయకండి.

సమస్య: కింద గీతే లేదు, అయినా ఆడదు
లేబుల్ వైపు నుంచి బల్బు వెలుగుకు పట్టి చూడండి. సూదిమొనంత చుక్కల్లో వెలుతురు వస్తే మెరుపు పొర ఊడింది. 1.2 మి.మీ. మందమున్న సీడీలో డేటా లేబుల్ కిందే, పల్చటి రక్షణ పూత చాటున ఉంటుంది. దాన్ని ఏ మెషీనూ తిరిగి తేలేదు. డీవీడీలో డేటా రెండు 0.6 మి.మీ. పలకల మధ్య ఉంటుంది, పైగీతలకు అంత తేలిగ్గా లొంగదు.

ఇంట్లో దాచుకున్న పెళ్లి, ఓణీల ఫంక్షన్ డీవీడీల సంగతి వేరు. అవి రికార్డు చేసినవి, డేటా రంగు పొరలో ఉంటుంది. ఎండకు, వేడికి ఆ రంగు వెలిసిపోతే ఎంత పాలిష్ కొట్టినా లాభం లేదు. రెండు మూడు వేర్వేరు డ్రైవ్‌లలో పెట్టి, పాడైన డిస్కుల నుంచి డేటా లాగే డీడీరెస్క్యూ (ddrescue) లాంటి ప్రోగ్రామ్‌తో ఎంత వస్తే అంత కాపీ చేసుకోండి.

సమస్య: మెషీన్ నుంచి తీశాక మసకగా ఉంది
చాలాసార్లు తప్పు మెషీన్‌ది కాదు, తొందరది. గరుకు ప్యాడ్ వేసిన గీతలను సన్న ప్యాడ్ పూర్తిగా తీయకముందే పాలిష్‌కు వెళ్లి ఉంటారు. వెనక్కి వెళ్లి సన్న ప్యాడ్‌తో మళ్లీ తిప్పండి. ఒక దశకూ మరో దశకూ మధ్య డిస్క్ కడగకపోతే గరుకు రేణువు పాలిష్ ప్యాడ్‌లో ఇరుక్కుని కొత్త గుండ్రటి గీతలు వేస్తుంది. ప్యాడ్ ఎండిపోతే వేడెక్కి డిస్క్ వంగుతుంది. నీళ్లు, పాలిష్ ద్రవం తగ్గకుండా చూడండి. టూత్‌పేస్ట్‌తోనూ పైపై గీతలు తగ్గుతాయి కానీ ఏ పేస్టులో ఎంత గరుకుందో ఎవరికి తెలుసు?

మెషీన్‌లో పెట్టకూడనివి రెండు. బ్లూ-రేలో డేటా పైన ఉన్న పొర 0.1 మి.మీ. మాత్రమే, సాధారణ గరుకు ప్యాడ్ దానికి మరీ ఎక్కువ. మధ్య కన్నం దగ్గర పగులున్న డిస్క్ అయితే మెషీన్‌లోనే కాదు, డ్రైవ్‌లోనూ పెట్టొద్దు. వేగమైన సీడీ డ్రైవ్ నిమిషానికి సుమారు 10 వేల చుట్లు తిప్పుతుంది. పగులు సాగితే డిస్క్ డ్రైవ్ లోపలే ముక్కలవుతుంది.